శుక్రవారం తెరిచే పెట్టె

ఆ బడిలో ఎనిమిదో తరగతి సైన్సు పుస్తకంలోని ఐదో పాఠాన్ని చాలా ఏళ్ళు ఎవరూ చెప్పలేదు. నాలుగో పాఠం అయిపోగానే సైన్సు మాస్టారికి ఏటా ఠంచనుగా దగ్గు వచ్చేది. గొంతు సవరించుకుని, కిటికీలోంచి బయటికి చూస్తూ, "ఐదోది తేలికే, ఇంట్లో చదువుకోండి" అనేసి ఆరో పాఠంలోకి దూకేవాడు. ఆరో పాఠం ధ్వని గురించి. ఎదిగే వయసులో ఒంట్లో వచ్చే మార్పుల గురించి చెప్పడానికి నోరు పెగలని మనిషి ధ్వని గురించి మాత్రం బెంచీలు అదిరిపోయేలా చెప్పేవాడు. ఇంట్లో చదువుకోమంటే ఇంట్లో చెప్పేదెవరు? తల్లి తండ్రి వంక చూస్తుంది, తండ్రి పేపరు వంక చూస్తాడు. పిల్లలేమో ఆ పాఠంలోని బొమ్మలు దొంగచాటుగా చూసి, ఎవరికి వాళ్ళు తమతో పోల్చుకుని, హడలిపోయి, నోరు మూసుకుని పెద్దవాళ్ళయిపోతారు. మనలో చాలామందిమి అలా అయినవాళ్ళమే.

కొత్తగా వచ్చిన హెడ్ మిస్ట్రెస్ ఈ సంగతి కనిపెట్టి, ఒకరోజు స్టాఫ్ రూములో అందరినీ నిలదీసింది. "ఐదో పాఠం ఎవరు చెబుతారు?" అని అడిగితే పదముగ్గురు టీచర్లూ ఒక్కసారిగా తమ టీ గ్లాసుల్లోకి చూడడం మొదలుపెట్టారు. అప్పుడు మూలన కూర్చుని సూదిలో దారం ఎక్కిస్తున్న కుట్టు టీచరు తల ఎత్తకుండానే అంది: "నాకివ్వండి, చెబుతాను. ఈ పిల్లల కొలతలు నాకు తెలిసినట్టు ఇంకెవరికి తెలుసు?"

అందరూ నవ్వారు. ఆవిడ నవ్వకపోవడం చూసి ఆపేశారు.

ఆవిడ అన్నది నిజమే. ఆ బడి పిల్లల యూనిఫారాలు బడిలోనే కుట్టేవారు. ఆరు నుంచి పది దాకా ప్రతి పిల్లకీ, ప్రతి పిల్లవాడికీ ఏడాదికి రెండుసార్లు ఆవిడే టేపు పట్టి కొలిచేది. ఎవరి భుజాలు వెడల్పయ్యాయో, ఏ పిల్ల ఛాతీ కనపడకూడదని గూని తెచ్చుకుంటోందో, ఎవడు ఆర్నెల్లలో అర అడుగు పెరిగి తన కాళ్ళు తనకే తట్టుకుని పడుతున్నాడో కన్నతల్లి కంటే ముందు ఆవిడ టేపుకి తెలిసేది. పెద్ద చదువు లేదు. కానీ టేపు పట్టుకున్న చేతి కింద పిల్లలు ఎలా ముడుచుకుపోతారో ఇరవై ఏళ్ళుగా చూసిన మనిషి.

పైగా ఆవిడకి తన కారణం ఒకటుంది. ఆవిడకి పదేళ్ళప్పుడు తల్లి పోయింది. రొమ్ములో గడ్డ లేచి, అది తెలిసేసరికి ఆలస్యమైపోయింది. పన్నెండో ఏట ఈ పిల్లకి కూడా ఛాతీలో కుడివైపున, ఒక్క కుడివైపునే, చిన్న గట్టి ఉండలాంటిది చేతికి తగిలింది. ఇంకేముంది, అమ్మకి వచ్చినదే తనకీ వచ్చిందనుకుంది. తండ్రికి చెబితే ఆయన రెండోసారి బతికి బట్టకట్టడని చెప్పలేదు. గుడ్డపేలిక ఒకటి ఛాతీకి బిగించి కట్టుకుని ఎనిమిది నెలలు తిరిగింది. తను పోతే వంట ఎవరు చేస్తారని తమ్ముడికి అన్నం వండడం నేర్పింది. ఆ ఎనిమిదేళ్ళవాడు అన్నం మాడ్చినప్పుడల్లా వాడిని కొట్టి, తర్వాత తనే ఏడ్చేది. చివరికి గౌను కుట్టించడానికి వీధి చివర బట్టలు కుట్టే ఆవిడ దగ్గరికి వెళితే, ఆవిడ టేపు వేయబోయి, కింద బిగించిన పేలిక చూసి, తలుపు వేసి, సంగతంతా రాబట్టింది.

"ఓసి పిచ్చిపిల్లా! ఒకవైపు ముందు, రెండోవైపు వెనకాల వస్తుందే. అందరికీ అంతే. భయపడకు, ఇది ఎదుగుదలే" అంది ఆ కుట్టు అత్తయ్య.

ఆ ఒక్క మాటతో ఎనిమిది నెలల చావు వదిలిపోయింది. ఆ గదిలోనే నేల మీద కూర్చుని, కత్తిరించిన ముక్కల మధ్య, సాయంత్రం దాకా నిద్రపోయిందట. పెద్దయ్యాక ఇంకే పనీ చేయాలనిపించలేదు ఆవిడకి. టేపు పట్టుకుంది. ఆ మాటనూ పట్టుకుంది.

ఐదో పాఠం చేతికి రాగానే ఆవిడ మొదట చేసిన పని, పాడైపోయిన కుట్టుమిషను మీది చెక్క మూతను ఇంటికి తీసుకెళ్ళి భర్త ముందు పెట్టడం. ఆయన ప్రెస్సులో పనిచేసేవాడు, చేతిలో పనితనం ఉన్నవాడు. దానికి అడుగు బిగించి, పైన సన్నగా చీలిక కోసి, తాళం పెట్టి ఇచ్చాడు. "ఓట్ల పెట్టె తయారైందోయ్. నిలబడుతున్నదెవరు?" అన్నాడు. "పిల్లలు" అంది ఆవిడ.

పెట్టెను కుట్టు గదిలో ఉంచి, దానికి రూళ్ళు పెట్టింది. అడగడానికి సిగ్గుగా ఉన్నది ఏదైనా చీటీ మీద రాసి వేయాలి. పేరు రాయకూడదు. నోటితో అడగక్కర్లేదు, నలుగురిలో అడగనే వద్దు. చీటీ వేసేవాళ్ళని ఎవరూ చూడకూడదు, టీచరు కూడా. శుక్రవారం పొద్దున్నే ఆవిడ ఒక గంట ముందు వచ్చి పెట్టె తెరిచేది. దస్తూరి ఎవరిదో క్లాసులో ఎవరూ గుర్తుపట్టకుండా ప్రశ్నలన్నీ తన చేత్తో నోటుబుక్కులోకి ఎక్కించుకుని, అసలు చీటీలను కాల్చేసేది. ఆ రోజు చివరి పీరియడులో ఎనిమిదో తరగతికి జవాబులు చెప్పేది. మిగతా రోజుల్లో ఎవరెంత బతిమాలినా తాళం తీసేది కాదు. వారం మధ్యలో తీస్తే ఎవరు ఎప్పుడు వేశారో తెలిసిపోతుందని ఆవిడ భయం. ఆ పట్టుదల చూసి పిల్లలకి ఆవిడ మీద గురి కుదిరింది. ఏడాది తిరిగేసరికి కుట్టు టీచరు పోయి పెట్టె టీచరు అయింది.

ఆ పెట్టెలోకి ఏమేం వచ్చేవనుకున్నారు! "గొంతు మారాక పాత గొంతు ఎక్కడికి పోతుంది?" "మీసం గీస్తే గట్టిగా వస్తుందా? మా అక్క అడగమంది." "అందరికీ మొటిమలు వచ్చాయి, నాకు రాలేదు, నేను ఎదగనా?" అలాంటివి చదివినప్పుడు క్లాసంతా పడీపడీ నవ్వేది, అడిగినవాళ్ళు అందరికంటే గట్టిగా నవ్వేవాళ్ళు. కొన్నింటికి మాత్రం ఎవరూ నవ్వేవారు కాదు. రాత్రి పక్క తడిసిందని మూడు రోజులు అన్నం మానేసినవాడు రాసినదీ, మరకైన గౌను పెరట్లో పాతిపెట్టిన పిల్ల రాసినదీ అలాంటివే. దేనికైనా ఆవిడ ఓపిగ్గా, సిగ్గుపడకుండా, ఉన్న పేర్లతో ఉన్నట్టు చెప్పేది. చివర మాత్రం ఎప్పుడూ ఒకటే మాట. "భయపడకండి. ఇదంతా ఎదుగుదలే." పద్నాలుగేళ్ళలో అది ఎంత వాడుకైపోయిందంటే, ఆవిడ "భయపడకండి" అనగానే మిగతాది క్లాసంతా ఒకే గొంతుతో అందుకునేది.

మధ్యలో ఒకసారి రెండు రోజుల శిక్షణకు పంపారు. అక్కడొక నర్సమ్మ చాలా విషయాలు చెప్పింది, ఈవిడ శ్రద్ధగా రాసుకుంది. అందులో ఒక వాక్యం, మగపిల్లలకి ఆ వయసులో వృషణంలో ఉన్నట్టుండి నొప్పి వస్తే గంటల్లో డాక్టరు చూడాలి అని. రాసుకుంది, కింద గీత కూడా గీసుకుంది. క్లాసులో మాత్రం చెప్పలేదు. అసలే బెదిరిపోయి ఉంటారు, భయపెట్టేవి ఎందుకులే అనుకుంది. ఎనిమిది నెలలు భయంతో కాపురం చేసిన మనిషి పిల్లల్లోంచి భయాన్ని అడుగంటా ఊడ్చేయాలనుకుంది. అవసరానికి కాస్త ఉంచాలని తోచలేదు. ఆవిడ మంచితనంలో ఉన్న లోపం అదే, ఎవరూ దాన్ని లోపం అనుకోలేదు.

ఆ ఏడు ఎనిమిదో తరగతిలో నిచ్చెన అని ఒకడుండేవాడు. ఒక్క ఏడాదిలో పొడుగు సాగిపోయినందుకు తోటివాళ్ళు పెట్టిన పేరు. తల్లి బస్సు కండక్టరు, తెల్లారి మొదటి బస్సుకి వెళితే చీకటి పడ్డాకే ఇల్లు చేరేది. తండ్రి లారీ మీద వెళితే పది రోజులకు గానీ రాడు. పిల్లవాడు నెమ్మది. పెట్టె టీచరు వాడి ప్యాంటు అంచు ఆ ఏడు రెండుసార్లు విప్పి పొడుగు చేసింది. "ఇక విప్పడానికి గుడ్డ లేదు నాయనా, కాస్త ఆగి పెరుగు" అని ఏడిపించేది. వాడు సిగ్గుపడి నవ్వేవాడు.

ఒక మంగళవారం పదకొండు గంటలకు నిచ్చెన కుట్టు గది గుమ్మంలో నిలబడ్డాడు. లోపల ఇద్దరు ఏడో తరగతి ఆడపిల్లలు గుండీలు కుడుతున్నారు.

"ఏం నాయనా, ప్యాంటు మళ్ళీ పొట్టయిందా?"

వాడు నవ్వలేదు. తలుపు చెక్క పట్టుకుని, ఒక కాలి మీద బరువు వేసి నిలబడ్డాడు. మొహం పాలిపోయి ఉంది.

"టీచర్, ఒకటి అడగాలి."

"అడుగు."

వాడు ఆడపిల్లల వైపు చూశాడు. ఆవిడకి అర్థమైంది. అంటే, అర్థమైందనుకుంది. పిల్లవాడి సిగ్గు కనిపించింది, దాన్ని కాపాడాలనిపించింది. కొలతల పుస్తకంలోంచి ఒక కాగితం చింపి, చెవి మీది పెన్సిలు తీసి చేతికిచ్చింది.

"అలాంటివి నోటితో అడగక్కర్లేదని చెప్పాను కదా. దీని మీద రాసి పెట్టెలో వెయ్యి. శుక్రవారం చెబుతాను."

"శుక్రవారమా టీచర్?"

"శుక్రవారమే. నీకొకటి, ఇంకొకళ్ళకి ఒకటి ఉంటుందా రూలు?"

వాడు కత్తిరింపు బల్ల మీద వంగి రాశాడు. ఆవిడ తన రూలు ప్రకారం వీపు తిప్పి కిటికీ వైపు నిలబడింది. ఆడపిల్లలను కూడా అటు తిరగమంది. పద్నాలుగేళ్ళలో ఒక్కసారి కూడా తను తొంగిచూడలేదని ఆవిడకి కాస్త గర్వం. ఆ క్షణంలో కూడా ఆ గర్వం ఉంది, అబద్ధమెందుకు. చీటీ పెట్టెలో పడిన చప్పుడు వినిపించింది. వాడు ఇంకా కదల్లేదని తెలుస్తూనే ఉంది.

"వేశావు కదా, ఇక క్లాసుకి వెళ్ళు. నిటారుగా నడు. ఆ వంకర నడకేమిటి, ఇంత పొడుగువాడివి!" అంది, వెనక్కి తిరగకుండానే.

శుక్రవారం పొద్దున్న ఎప్పటిలాగే గంట ముందు వచ్చి తాళం తీసింది. పదకొండు చీటీలు. నాలుగు నోటుబుక్కులోకి ఎక్కించింది. ఐదోది కొలతల పుస్తకం కాగితం. నడుము, తుంటి, పొడవు అని అచ్చువేసిన గళ్ళ మీద పెన్సిలుతో రాసి ఉంది:

"ఈ రోజు పొద్దున్న గ్రౌండులో ఉన్నట్టుండి కింద ఎడమ పక్క చాలా నొప్పి వచ్చింది. వాంతి కూడా అయింది. ఇది కూడా ఎదుగుదలేనా టీచర్? అందరికీ ఇంత నొప్పి ఉంటుందా?"

ఆవిడ మొదట దాన్ని అలవాటు కొద్దీ నోటుబుక్కులోకి ఎక్కించడం మొదలుపెట్టింది. "ఉన్నట్టుండి" అన్న మాట రాస్తుండగా చెయ్యి ఆగిపోయింది. ఆ మాట తను ఇంతకుముందు రాసింది, గీత కూడా గీసింది. "ఈ రోజు" అంటే మంగళవారం. లెక్క వేయబోయి వేయలేకపోయింది.

తరగతిలోకి పరిగెత్తింది. ఇంకా గంట కొట్టలేదు, ముందే వచ్చిన పిల్లలు ఇద్దరుంటే నిచ్చెన గురించి అడిగింది. మంగళవారం మధ్యాహ్నం ఇంటికి వెళ్ళాడట, మళ్ళీ రాలేదట. అప్పుడే బడికి వచ్చిన హెడ్ మిస్ట్రెస్ తన పాత కారు తీసింది. దారిలో పెట్టె టీచరు ఆమెకి చీటీ చూపించింది.

వాళ్ళది రెండో అంతస్తులో ఒక గది. తలుపు దగ్గరగా వేసి ఉంది, గడియ లేదు. పిల్లవాడు గోడవైపు తిరిగి, మోకాళ్ళు ముడుచుకుని పడుకున్నాడు. పక్కన మంచినీళ్ళ సీసా, తల్లి మూతపెట్టి వెళ్ళిన అన్నం. టీచర్లను చూసి లేచి నిలబడబోయాడు.

"లేవకు నాన్నా, లేవకు."

"ఇప్పుడు నయమే టీచర్. నిన్నటి నుంచి నొప్పి తగ్గింది. వాపే ఉంది" అన్నాడు, ఆవిడకి ధైర్యం చెబుతున్నట్టు. ఒళ్ళు కాలిపోతోంది.

ఆసుపత్రిలో డాక్టరు వాడిని చూసి, ఎప్పటి నుంచి అని అడిగి, జవాబు విని నర్సును కేకేశాడు. తల్లికి ఫోను చేయించారు. ఆమె రాగానే సంతకం పెట్టించుకుని వాడిని లోపలికి తీసుకెళ్ళారు. గంట తర్వాత డాక్టరు బయటికి వచ్చి తల్లితోనూ, పక్కనే నిలబడ్డ టీచర్లతోనూ చెప్పాడు. వృషణానికి రక్తం తెచ్చే నాళం మెలి పడింది. ఈ వయసు పిల్లలకి ఎప్పుడో ఒకరికి ఇలా అవుతుంది, ఎవరి తప్పూ కాదు. మొదటి ఆరు గంటల్లో వస్తే మెలి విప్పేస్తే సరిపోయేది. మూడు రోజులైంది కాబట్టి తీసేయక తప్పలేదు.

"కానీ నిన్నటి నుంచి నొప్పి తగ్గిందన్నాడండీ" అంది పెట్టె టీచరు, ఆ మాటలో ఏదైనా దొరుకుతుందేమోనని.

"తగ్గడం కాదమ్మా. నొప్పి పెట్టడానికి అందులో ప్రాణం మిగల్లేదు" అన్నాడు డాక్టరు. రెండోది బాగుందనీ, అది మెలి పడకుండా కుట్టేశామనీ, రేపు పెళ్ళికీ పిల్లలకీ ఏ ఇబ్బందీ ఉండదనీ చెప్పి వెళ్ళిపోయాడు.

ఆరు గంటలు. పొద్దున్న తొమ్మిదికి గ్రౌండు, పదకొండుకి కుట్టు గది. ఇంకా నాలుగు గంటలు మిగిలి ఉండగా ఆ పిల్లవాడు తన ఎదురుగా వచ్చి నిలబడ్డాడు. తను వీపు తిప్పింది.

హెడ్ మిస్ట్రెస్ ఆవిడని వరండా చివరకి తీసుకెళ్ళింది. చెడ్డ మనిషి కాదు, బడిని కాపాడుకోవాలనుకునే మనిషి. "చూడండి, ఆ చీటీ సంగతి మనిద్దరికే తెలుసు. చీటీలు మీరు ఎప్పుడూ కాల్చేస్తారు కదా. ఇదీ అందులో కలిపేయండి. ఇది బయటపడితే మీ ఉద్యోగం ఒక్కటే కాదు, ఆ పాఠమే పోతుంది. మళ్ళీ దగ్గు మాస్టారే గతి" అంది.

ఆ మాటలో నిజముంది. ఆవిడ కాసేపు ఆలోచించింది కూడా. తర్వాత వెనక్కి నడిచి, బెంచీ మీద కూర్చున్న తల్లి పక్కన కూర్చుని, చీటీ ఆమె చేతిలో పెట్టింది. తల్లి యూనిఫారంలోనే ఉంది, మెడలో టిక్కెట్ల సంచీ ఇంకా వేలాడుతోంది. చదివింది. మళ్ళీ చదివింది.

"మంగళవారమే నాకిచ్చాడు. నేను ఈ రోజు తెరిచాను" అంది పెట్టె టీచరు.

తల్లి అరుస్తుందనుకుంది. అరిస్తే బాగుండుననిపించింది.

"మంగళవారం రాత్రి అడిగానండీ వాణ్ణి" అంది తల్లి, చీటీలోకే చూస్తూ. "ఏంట్రా అలా పడుకున్నావు, అన్నం కూడా తినకుండా అంటే, ఏం లేదమ్మా, ఎదుగుదల, మా టీచర్ చెప్పారు అన్నాడు. బుధవారం సెలవు పెడదామనుకున్నాను. టీచర్ చెప్పారన్నాడు కదా అని డ్యూటీకి వెళ్ళిపోయాను. నిన్నేమో నొప్పి తగ్గిందన్నాడు."

ఆమె సంచీ మెడలోంచి తీసి ఒళ్ళో పెట్టుకుని, దాని పట్టీని వేలికి చుడుతూ, విప్పుతూ కూర్చుంది. పెట్టె టీచరు వాడికి తెలివి వచ్చేదాకా అక్కడే ఉంది. తెలివి రాగానే ఎదుటపడే ధైర్యం లేక, తల్లి లోపలికి వెళ్ళాక ఇంటికి వచ్చేసింది.

ఇంటి దగ్గర భర్త అన్ని విధాలా చెప్పి చూశాడు. "పద్నాలుగేళ్ళలో ఎంతమంది పిల్లలకి మేలు చేశావోయ్, అది చూసుకో" అన్నాడు. "మేలు జరిగినవాళ్ళెవరో నాకు తెలియదు, పేర్లు లేవు. వీడి పేరు తెలుసు" అంది ఆవిడ.

తల్లి ఎవరికీ ఫిర్యాదు చేయలేదు. ఎందుకు చేయలేదో ఆవిడ అడగలేదు, అడగగలిగే మాట కాదు. పెట్టెకి తాళం తీసేసి, ఏ రోజు చీటీ ఆ రోజే చూస్తానని బోర్డు మీద రాసింది. ఒక్క చీటీ కూడా పడలేదు. పిల్లలకి ఏమీ తెలియకపోయినా ఏదో వాసన తగిలింది. ఐదో పాఠం ఇక నేను చెప్పనని హెడ్ మిస్ట్రెస్‌కి కాగితం రాసిచ్చింది. హెడ్ మిస్ట్రెస్ దాన్ని సొరుగులో పడేసి, "మీరు చెప్పకుండా వదిలిన వాక్యం ఒకటుంది కదా. అదైనా చెప్పి మానండి" అంది. కటువుగా అన్నా సరైన మాటే అంది. మిగతా మగపిల్లలు నూట ఇరవై మందికి ఆ వాక్యం ఇంకా తెలియదు.

కానీ చెప్పడం ఎలా? నిచ్చెనకి కడుపు ఆపరేషను అయిందని తల్లి బడిలో చెప్పించింది. వాడు అదే చెప్పమన్నాడట. ఇప్పుడు తను క్లాసులో నిలబడి అలాంటి నొప్పి గురించి నోరు తెరిస్తే నలభై జతల కళ్ళు ఆ బెంచీ చివరకి తిరుగుతాయి. చెప్పకపోతే రేపు ఇంకొకడు గోడవైపు తిరిగి పడుకుంటాడు. వాడిని అడక్కుండా చెప్పకూడదు. వాడిని అడగాలంటే వాడి మొహం చూడాలి. అలా మూడు వారాలు గడిచిపోయాయి.

వాడు బడికి వచ్చిన రోజున మధ్యాహ్నం కబురు చేసింది. కుట్టు గదిలోంచి అందరినీ పంపేసి, తలుపు వేసి, వాడిని తన ఎదురు కుర్చీలో కూర్చోబెట్టింది. వాడు చిక్కిపోయాడు. ప్యాంటు నడుము దగ్గర వదులైంది.

"ఎలా ఉంది నాన్నా?"

"బాగుంది టీచర్. ఇంకో నెల పరిగెత్తొద్దన్నారు."

మూడు వారాలుగా మనసులో కూర్చుకున్న మాటలన్నీ ఆ మొహం చూడగానే పోయాయి. వచ్చినట్టు చెప్పింది.

"ఆ రోజు నువ్వు అడగడానికే వచ్చావు. నేను వినలేదు. పెట్టెలో వెయ్యమన్నాను. నేను విని ఉంటే నీకు ఇది జరిగేది కాదు. డాక్టరు కూడా అదే చెప్పాడు, మీ అమ్మకీ తెలుసు. తప్పు నాది. అది నీకు నేనే చెప్పాలి."

వాడు తల వంచుకుని కూర్చున్నాడు.

"ఇంకొకటి అడగాలి నిన్ను. నువ్వు వద్దంటే మానేస్తాను, నాకేం కోపం రాదు. ఇలాంటి నొప్పి వస్తే ఆగకూడదని మిగతా పిల్లలకి చెప్పాలి. నీ పేరు ఎత్తను. మొదట పై తరగతుల్లో చెప్పి, మీ తరగతికి చివర వస్తాను. అయినా ఎవరికైనా అనుమానం రావచ్చు. చెప్పనా?"

వాడు బల్ల మీది సుద్దముక్కను అటూ ఇటూ దొర్లించాడు.

"చెప్పండి టీచర్. కానీ నేను రాని రోజు చెప్పండి."

"అలాగే."

"టీచర్..."

"ఊఁ?"

"మీరు కోప్పడరు కదా?" గొంతు మారుతున్న వయసు, మాట సగంలో బొంగురుపోయి మళ్ళీ చిన్నపిల్లాడి గొంతు అయింది. "మీరు శుక్రవారం చెబుతానన్నారు. శుక్రవారం దాకా ఓర్చుకుని బడికి వద్దామనే అనుకున్నాను. బుధవారం కూడా బ్యాగు సర్దుకున్నాను. మెట్లు దిగలేకపోయాను. రాలేకపోయాను టీచర్. సారీ."

ఆవిడ పిల్లవాడి ఎదుటే రెండు చేతుల్లో మొహం దాచుకుని, ఇక ఆపుకోలేక, భోరున ఏడ్చేసింది. పెద్దవాళ్ళు అలా ఏడవడం వాడు ఎప్పుడూ చూడలేదు. బెదిరిపోయి, మంచినీళ్ళు తేవడానికి కుర్చీలోంచి లేచి ఒక్క ఉదుటున పరిగెత్తబోయాడు. పరిగెత్తకూడదని గుర్తొచ్చి ఆగి, గోడ పట్టుకుని, నెమ్మదిగా నడిచి వెళ్ళాడు.